చూడ్డానికెళ్లి దిద్దేస్తున్నారు

ప్రశ్న: మా ఏఎస్/400 (ఐబీఎం వ్యాపార కంప్యూటర్)లో డేటా ఫైళ్లు చూడడానికి, అవసరమైతే సరిచేయడానికి ఏ యుటిలిటీ మంచిది? డీఎఫ్‌యూ (ఐబీఎం వారి డేటా దిద్దే టూల్), డీబీయూ (బయట కొనుక్కునే ఎడిటర్), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) అంటూ మా టీమ్‌లో తలో మాట చెబుతున్నారు.

జవాబు: ఈ ప్రశ్న పంపేవాళ్లంతా చూడడాన్నీ సరిచేయడాన్నీ ఒకే ఊపిరిలో అడిగేస్తారు. తంటా అంతా అక్కడే.

చూడడానికైతే రన్‌క్వెరీ కమాండ్‌కు ఫైలు పేరిస్తే చాలు. విలువలు కాలమ్‌ల వారీగా కనిపిస్తాయి, పొరపాటున వేలు తగిలినా ఏదీ మారదు. ఫైలు చూపించే డీఎస్‌పీపీఎఫ్‌ఎమ్ కమాండ్ కూడా ఉంది కానీ, ప్యాక్డ్ అంకెలు (చోటు ఆదాకు బైట్‌కు రెండేసి కుక్కినవి) అందులో పిచ్చిగీతల్లా కనిపిస్తాయి.

దిద్దడానికి చాలామంది యూపీడీడీటీఏ కమాండ్ కొట్టేస్తారు. అది అప్పటికప్పుడు ఓ డీఎఫ్‌యూ ప్రోగ్రామ్ తయారుచేసుకుని రికార్డును ముందు పెడుతుంది. లైబ్రరీ (ఫైళ్లుండే ఫోల్డర్ లాంటిది) పేరు రాయకపోతే, వెతికే వరుస అయిన లైబ్రరీ లిస్టులో ముందు దొరికిన ఫైలునే తెరుస్తుంది. టెస్ట్ డేటా అనుకుని లైవ్ డేటాను కెలికేది ఇలాగే. పైగా రికార్డును తెర మీదే వదిలేసి టీకి వెళ్లే మహానుభావులుంటారు. అంతసేపూ అది లాక్‌లో ఉంటుంది కాబట్టి, దిద్దడానికి ఆ రికార్డు కావాల్సిన ప్రోగ్రామ్ మామూలుగా 60 సెకన్లు ఎదురుచూసి ఎర్రర్ ఇస్తుంది.

డీబీయూ, డబ్ల్యూఆర్‌కేడీబీఎఫ్ లాంటి ఎడిటర్లు వాడకానికి హాయి. కానీ హెక్స్‌లో (బైట్లను నేరుగా కోడ్ రూపంలో) దిద్దే వీలు చేతికిస్తే జాగ్రత్త. ప్యాక్డ్ ఫీల్డులో ఖాళీలు, అంటే హెక్స్‌లో 40లు, పడ్డాయనుకోండి. డీడీఎస్‌తో (ఫైలు నిర్మాణం రాసే పాత పద్ధతి) చేసిన పాత ఫైలు రాసేటప్పుడు నోరు మెదపదు. రాత్రి బ్యాచ్ జాబ్ ఆ రికార్డు చదివినప్పుడు ఎమ్‌సీహెచ్1202 (అంకెల డేటా తప్పు) ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఎస్‌క్యూఎల్‌తో సృష్టించిన టేబుల్ అయితే రాసేటప్పుడే అడ్డుకుంటుంది.

ఎస్‌క్యూఎల్‌లో ఓ సుఖం ఉంది. అప్‌డేట్‌కు ముందు అదే వేర్ (ఏ రికార్డులో చెప్పే) షరతుతో ఎన్ని రికార్డులు మారతాయో లెక్క చూసుకోవచ్చు. అయితే ఎస్‌క్యూఎల్ తెర తెరిచే ఎస్‌టీఆర్‌ఎస్‌క్యూఎల్ కమాండ్ డిఫాల్ట్‌గా కమిట్ కంట్రోల్ (ఖాయం చేసేదాకా మార్పును రద్దు చేసుకునే వీలు) లేకుండానే నడుస్తుంది. మార్చేశాక రోల్‌బ్యాక్ అన్నా వినేవాళ్లుండరు.

నాకు అసలు భయం వేరే ఉంది. అథారిటీ (అనుమతుల) తలనొప్పులు పడలేక కొందరు ఎడిటర్‌ను దాని యజమాని ఐడీ అధికారంతో నడిచేలా పెట్టేస్తారు. ఆ యజమానికి అన్ని ఆబ్జెక్టుల మీదా హక్కుంటే, ఆ టూల్ తెరిచిన ప్రతివాడికీ జీతాల ఫైలుతో సహా అన్నీ తెరుచుకున్నట్టే. మెనూలోంచి ఆప్షన్ తీసేశాం కదా అంటారు. కమాండ్ లైన్ ఉన్నవాడికి మెనూతో పనేముంది?

జర్నల్ (మార్పుల చిట్టా) ఉంది కదా అని ధీమా వద్దు. ఆ చిట్టా మొదలుపెట్టే ఎస్‌టీఆర్‌జేఆర్‌ఎన్‌పీఎఫ్ కమాండ్ డిఫాల్ట్‌గా మార్పు తర్వాతి రూపాన్నే దాస్తుంది. ఎవరు, ఎప్పుడు మార్చారో తెలుస్తుంది కానీ, పాత విలువను వెనక్కి తేవాలంటే ముందు రూపం కూడా ఉండాలి. ఆ కమాండ్‌లో ఇమేజెస్ దగ్గర బోత్ (రెండూ) అని పెట్టండి.

డీబీయూ నచ్చితే కొనుక్కోండి, టెస్ట్ యంత్రంలో వేసుకోండి. లైవ్‌లో మాత్రం అందరికీ చూసే హక్కు చాలు. దిద్దాల్సి వస్తే దానికో ప్రత్యేక యూజర్ ఐడీ పెట్టి, అడిగినప్పుడు తెరిచి, పనైపోగానే డిసేబుల్ చేయండి.