జర్మన్ నేర్చుకుంటున్న మా అమ్మలుకి

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో జర్మన్ అంకెలు ఒప్పజెప్పావు కదా, వినగానే నవ్వొచ్చింది, తర్వాత కాస్త భయమూ వేసింది. మధ్యలో "ఇస్ట్" (ఇంగ్లీషు "ఈజ్" లాంటి మాట) అనాల్సిన చోట "ఇస్టు" అంటున్నావు. తప్పు నీది కాదులే, బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసుకున్న జాతి మనది, చివర ఒక అచ్చు తగిలిస్తే గానీ నోటికి తృప్తి ఉండదు. కానీ నువ్వు జర్మనీ వెళ్లేది నర్సు పనికి. సగం చెవుడున్న ముసలాయనకి పూటకి ఎన్ని మాత్రలో చెప్పాలి.

నా సంగతి విను. అక్కడికి వెళ్లిన కొత్తలో టాక్సీ అతనికి ఇంటి నంబరు 14 అని చెప్పాను. వాళ్లకి 14 అంటే "ఫిర్‌త్సేన్", 40 అంటే "ఫిర్‌త్సిహ్". నేను "త్స"ని "జ" చేసి చివరి "న్" మింగేశాను, 40 ముందు దించేసి వెళ్లిపోయాడు. రెండూ సరి సంఖ్యలే, రోడ్డుకి ఒకే పక్కన ఉన్నాయి, అంతే అదృష్టం. మంచులో సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చేసరికి ఒక చక్రం ఊడిపోయింది.

ఆ "త్స" కోసం తార్నాకలో క్లాసుకే వెళ్లక్కర్లేదు. "చాప", "చలి" అని మీ అమ్మమ్మ అంటుంటే విను, "చీర"లో చ వేరు, "చాప"లో చ వేరు. చాపలోదే వాళ్ల జెడ్. మీ తరం పిల్లలు రెండూ ఒకేలా అంటున్నారు, అది వేరే బాధ. అలాగే వాగుకి వాళ్లు అనే "బాఖ్" చివర గొంతు గీరినట్టు వచ్చే శబ్దం పాతబస్తీలో "ఖుబానీ కా మీఠా" అనేవాళ్ల నోట్లో ఉంది. "ఇ", "ఎ" తర్వాత మాత్రం అది మెత్తబడుతుంది: నాలుక "ఈ" దగ్గరే ఉంచి గాలి వదులు. దాన్ని "ష" చేశావో, వాళ్ల భాషలో చర్చి అనే మాట కాస్తా చెర్రీ పండైపోతుంది. చుక్కల యు ఉందే, దానికి అద్దం ముందు నిలబడి "ఈ" అంటూ నాలుక కదపకుండా పెదాలు "ఊ"కి చుట్టు. హ్రస్వదీర్ఘాలంటావా, మనకి పుట్టుకతో వచ్చినవే, అక్కడ నీకు టెన్షన్ లేదు.

"ముందు పరీక్ష పాసవ్వు, ఉచ్చారణ తర్వాత అదే వస్తుంది" అని మీ కోచింగ్‌లో అన్నారట. నేను ఒప్పుకోను. ఒకసారి నాలుక అలవాటు పడ్డాక విప్పడం రెట్టింపు పని. పైగా నువ్వు రాసే బీ1 స్థాయి జర్మన్ పరీక్షలో మాట్లాడే భాగం విడిగా ఉంది, 100కి 60 తెచ్చుకోవాలి. యాస ఉంటే ఉండనీ, నాదీ ఇప్పటికీ హైదరాబాద్ యాసే, మాట మాత్రం తెలియాలి. వాళ్లే ఫోన్‌లో రెండుని "త్స్వై" అనకుండా "త్స్వో" అంటారు, మూడు "ద్రై"తో కలవకుండా.

నోట్సులో జర్మన్ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకోవడం ఇవాళే మానెయ్. నేను పైన రాసినవి ఆనవాలు కోసమే. రోజూ పది నిమిషాలు విని, వెంటనే అని, ఫోన్‌లో రికార్డు చేసుకో. ఆదివారం మా ఇంటికి రా, 1 నుంచి 100 దాకా నాకు వినిపించాలి.

నీ బాబాయ్