అరకు ట్రిప్పుల కోసం కారు కొనాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఇద్దరం ఉద్యోగస్తులం, చేతికొచ్చేది నెలకు 82,000. అద్దె 17,000, పిల్లల స్కూలు 9,000, ఇంటి ఖర్చు 24,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేది) 5,000, చీటీ 5,000 పోను 22,000 మిగులుతుంది. నెలకోసారి అత్తయ్య, మామయ్య, ఇద్దరు పిల్లలతో అరకుకో లంబసింగికో వెళ్లి రాత్రికి తిరిగొస్తాం. ట్యాక్సీకే ప్రతిసారీ 5,500 అవుతోంది. ఆ డబ్బేదో సొంత కారుకే కడదామని మావారు అంటున్నారు. ఏడు సీట్ల కారు ఆన్‌రోడ్ 12 లక్షలు. 3 లక్షల ఎఫ్‌డీ తీసి డౌన్‌పేమెంట్ కట్టి, మిగతాది ఐదేళ్ల లోను పెడదామనుకుంటున్నాం. అత్తామామలకు హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. కారు తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడైతే వద్దమ్మా. ట్రిప్పులు మానమని కాదు, హాయిగా వెళ్లండి. ఆ ట్రిప్పుల పేరు చెప్పి 12 లక్షల కారు ఎక్కొద్దంటున్నాను, అంతే.

మీవారి లెక్కలో చిన్న మెలిక ఉంది. ట్యాక్సీ మానేస్తే 5,500 మొత్తం మిగలదు. సొంత కారుకూ పెట్రోలు పోయాలి కదా. అరకు రానూపోనూ, పైన తిరిగేది కలిపి 240 కిలోమీటర్లు వేసుకోండి. ఆరుగురితో ఘాట్ ఎక్కితే లీటరుకు 13 వచ్చిందంటే గొప్పే. లీటరు 110 చొప్పున 2,000 ఖర్చు. అంటే ఒక్కో ట్రిప్పుకు మిగిలేది 3,500. మండు వేసవి, వర్షాలకు కొండచరియలు విరిగిపడే రోజులు తీసేస్తే ఏడాదికి పది ట్రిప్పులు. మొత్తం ఆదా 35,000.

ఇక అటు వైపు చూడండి. 9 లక్షల లోనుకు 9.5 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ దాదాపు 18,900. ఏడాదికి 2.27 లక్షలు. 35,000 ఆదా కోసం 2.27 లక్షలు! పైగా మీ 22,000లో ఈఎంఐ పోతే మిగిలేది 3,100. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు అందులోంచే రావాలి. గుమ్మం ముందు కారు ఉంటుంది, అరకు వెళ్లడానికి మాత్రం చేతిలో డబ్బుండదు.

ఇంతకంటే నన్ను భయపెట్టింది ఎఫ్‌డీ. మీ ఇంటి ఖర్చులకు అది ఆరు నెలల భరోసా. ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఇబ్బంది వచ్చినా, మామయ్యగారు ఆసుపత్రిలో చేరినా ఆదుకునేది అదే. దాన్ని కదపొద్దు.

ట్రిప్పు ఖర్చు తగ్గించుకునే దారులు మీ ఊళ్లోనే ఉన్నాయి. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ ఉండనే ఉంది. జనరల్ టికెట్ టిఫిన్ ఖర్చు కూడా దాటదు, సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు ఉచితం. పెద్దవాళ్లకు కూర్చోవడం కష్టమనుకుంటే అద్దాల విస్టాడోమ్ కోచ్‌లో ముందే బుక్ చేయండి. వచ్చేటప్పుడు ఆర్టీసీ బస్సు ఎక్కొచ్చు. లంబసింగికి మాత్రం ట్యాక్సీయే మేలు. పొగమంచు చూడాలంటే తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాలి. నిద్ర చాలని మనిషి మంచులో ఘాట్ రోడ్డు మీద నడపడం కంటే డ్రైవరుకిచ్చే డబ్బు నయం. సెలవు రోజున మీవారు కూడా కిటికీలోంచి చూడాలిగా!

అడవి కోసమైతే ప్రతిసారీ ఘాట్ ఎక్కనక్కర్లేదు. కంబాలకొండ అభయారణ్యం నగరాన్ని ఆనుకునే ఉంది, సుమారు 71 చదరపు కిలోమీటర్లు. జూ పార్కుకు వెళ్లే దారే. ఆటోలో వెళ్లి, కాసేపు అడవిలో నడిచి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. చిరుతలున్న అడవి కాబట్టి పిల్లల్ని దారి తప్పనీయకండి.

అసలు డబ్బు జారేది కొండ పైన. బొర్రా గుహల టికెట్లు, కటికి జలపాతానికి జీపు, దారిలో బొంగు చికెన్, పద్మాపురం గార్డెన్స్‌లో పిల్లల పేచీలు, చివర్లో కాఫీ పొడి, మిరియాల ప్యాకెట్లు. ఒక్కొక్కటీ చిన్నదే, సాయంత్రానికి 2,500 ఎటు పోయాయో తెలియదు. జీపు బేరం ఎక్కకముందే తేల్చుకోండి. కాఫీ పొడి రెండు ట్రిప్పులకోసారి కొంటే చాలు, ఇంట్లో పాత ప్యాకెట్ ఇంకా విప్పి ఉండరు.

ఏడాదికి ట్యాక్సీ ట్రిప్పులు అయిదు, ఈ పై ఖర్చుతో కలిపి ఒక్కోటి 8,000. రైలు ట్రిప్పులు మూడు, ఒక్కోటి 4,000. కంబాలకొండ రెండుసార్లు, వెయ్యి చొప్పున. మొత్తం 54,000, అంటే నెలకు 4,500. జీతం పడ్డ రోజే ఇది వేరే ఖాతాలోకి వెళ్లేలా పెట్టండి. అందులో ఉన్నంత వరకు ఖర్చుపెట్టండి, గిల్టీగా ఫీలవ్వకండి. అయిపోతే ఆ నెల బీచ్ రోడ్డు.

కారు కోరిక తప్పేం కాదు. నెలకు 15,000 ఆర్‌డీ (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) కట్టండి. 6.5 శాతం వడ్డీతో రెండేళ్లలో సుమారు 3.85 లక్షలు చేతికొస్తాయి. దాంతో మంచి సెకండ్ హ్యాండ్ కారు అప్పు లేకుండా వస్తుంది. కొనేముందు మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి ఇంజిన్, క్లచ్, బ్రేకులు చూపించండి, ఘాట్‌లో పని వాటితోనే.

ఆర్‌డీ, ట్రిప్పులు పోను నెలకు ఇంకో 2,500 మిగులుతుంది. అది అత్తామామల హెల్త్ ఇన్సూరెన్స్ కోసం పక్కన పెట్టండి. మీ ఇద్దరి ఆఫీసుల్లో గ్రూప్ పాలసీకి తల్లిదండ్రుల్ని చేర్చుకునే వీలుందేమో ముందు హెచ్‌ఆర్‌ను అడగండి. చాలా కంపెనీలు ఏడాదికోసారి, రెన్యువల్ సమయంలోనే చేర్చుకుంటాయి. ఆ తేదీ ఎప్పుడో ఈ వారమే కనుక్కోండి.