తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు పారేయకండి

పదో తరగతో, ఇంటర్ మొదటి ఏడాదో అయిన పిల్లలతో టెక్సాస్ వచ్చేవాళ్లు పదో తరగతి మెమోను జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని వస్తారు. తొమ్మిదో తరగతి రిపోర్టు మాత్రం ఊళ్లోనే ఏ అటక మీదో ఉండిపోతుంది. ఇక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లు. కాలేజీ వాళ్లు చూసేది ఆ నాలుగేళ్ల చదువును. అందుకే తొమ్మిదో తరగతి మార్కులు, స్కూలు ముద్రతో, హెడ్మాస్టర్ సంతకంతో, విమానం ఎక్కకముందే తీసుకోండి. వచ్చాక ఫోన్లో అడిగి తెప్పించుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. వాటితో పాటు స్టడీ సర్టిఫికెట్, టీసీ, టీకాల కార్డు, లెక్కలు, సైన్సు పుస్తకాల్లోని విషయసూచిక పేజీల ఫొటోలు కూడా ఉంచుకోండి.

విషయసూచిక ఎందుకంటారా? మన రిపోర్టులో "సైన్స్ 92" అని ఒక్క వరుసే ఉంటుంది. ఇక్కడ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కోటీ ఏడాది పొడవునా నడిచే విడి కోర్సు. ఆ ఒక్క వరుసలో మూడూ ఉన్నాయని స్కూల్లో కోర్సులు నిర్ణయించే కౌన్సెలర్‌కు ఎలా తెలుస్తుంది? లెక్కల్లోనూ అంతే. అల్జీబ్రా, జామెట్రీ మనకు కలిపి చెబుతారు, ఇక్కడ వేర్వేరు. కాగితం చూపించలేకపోతే, త్రికోణమితి చేసేసిన పిల్లాణ్ని మళ్లీ అల్జీబ్రా వన్‌లో కూర్చోబెడతారు. అక్కడ ఒక ఏడాది పోతే పన్నెండులో కాల్‌క్యులస్ దాకా చేరడం కుదరదు. ఇంజినీరింగ్ కోరుకునే పిల్లలకు దెబ్బ తగిలేది ఇక్కడే.

టెక్సాస్ పబ్లిక్ స్కూళ్లలో గ్రాడ్యుయేట్ కావడానికి కనీసం 22 క్రెడిట్లు (పాసైన కోర్సులకు ఇచ్చే లెక్క) కావాలి. ఎండార్స్‌మెంట్‌తో, అంటే ఎంచుకున్న ఒక రంగంలో అదనపు కోర్సులతో అయితే 26. కాలేజీకి వెళ్లే పిల్లలకు రెండోదే లెక్క. ఆ 26లో ఇంగ్లీషుకు 4, లెక్కలకు 4, సైన్సుకు 4, సోషల్‌కు 3, ఇంగ్లీషు కాని ఒక భాషకు 2, ఫైన్ ఆర్ట్స్‌కు 1, పీఈకి (వ్యాయామం) 1, మిగతా 7 ఎలక్టివ్స్, అంటే పిల్లలు ఎంచుకునేవి. మధ్యలో వచ్చిన మన పిల్లలు ఇరుక్కునేది లెక్కల్లో కాదు, సోషల్‌లో. యూఎస్ హిస్టరీ, గవర్నమెంట్, ఎకనామిక్స్ ఇండియా నుంచి రావు, ఇక్కడే చదవాలి. భాష విషయంలో ఒక వెసులుబాటుంది. తొమ్మిది, పదిలో చదివిన తెలుగునో హిందీనో కౌన్సెలర్ ఒప్పుకుంటే ఆ రెండు క్రెడిట్ల కింద రాయించుకోవచ్చు. లేకపోతే "క్రెడిట్ బై ఎగ్జామ్", అంటే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవడం, అడగండి. ఆ కోర్సు ముందే చదివి ఉంటే 70 శాతం వస్తే చాలు, చదవకుండా నేరుగా రాస్తే 80 రావాలి. రెండేళ్లు కొత్తగా స్పానిష్ నేర్చుకోవడం తప్పని కాదు గానీ, పదకొండులో చేరిన పిల్లలకు ఆ రెండు పీరియడ్లు బంగారం.

బయటి దేశం మార్కులను చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థలు) క్రెడిట్‌గా తీసుకుంటాయి గానీ జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో కలపవు. అంటే అక్కడి 95 ఇక్కడి క్లాసు ర్యాంకును పెంచదు, తగ్గించదు. మీ డిస్ట్రిక్టు ఏం చేస్తుందో చేరిన వారంలోనే కౌన్సెలర్‌కు ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి, నోటిమాటతో వదిలేయకండి. ఏపీ కోర్సులకు (ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సు) వెయిటెడ్ జీపీఏలో, అంటే కోర్సు కష్టాన్ని బట్టి వేసే సగటులో, అదనపు పాయింటు ఉంటుంది. అందుకని వచ్చిన మొదటి ఏడాదే అయిదారు ఏపీలు తీసుకోవడం మనవాళ్లకు అలవాటు. యాస, ఎస్సేలు రాసే పద్ధతి, గ్రూప్ ప్రాజెక్టులు అన్నీ కొత్తగా ఉన్నప్పుడు ఏపీ ఇంగ్లీషులో సీ గ్రేడు తెచ్చుకోవడం కన్నా, కాల్‌క్యులస్, ఫిజిక్స్ లాంటి బలమైన రెండింటిలో ఏ గ్రేడు తెచ్చుకోవడం నయం.

ర్యాంకు ఎందుకంత ముఖ్యమంటే, టెక్సాస్‌లో చదివి క్లాసులో పై పది శాతంలో ఉన్నవాళ్లకు స్టేట్ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం ఇచ్చే చట్టం 1997 నుంచి ఉంది. యూటీ ఆస్టిన్‌కు (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది. 2026 ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) చేరేవాళ్ల నుంచి అది పై 5 శాతం. ఆ ప్రవేశం యూనివర్సిటీకే గానీ కోరుకున్న మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టు) కాదు. ర్యాంకుందని ధీమాగా ఉండి, కంప్యూటర్ సైన్స్‌కు ఎస్సేలు ఆఖరి రాత్రి రాసినవాళ్లు తర్వాత బాధపడతారు.

క్యాలెండర్ మనం అనుకునే దానికన్నా ముందే మొదలవుతుంది. పదకొండో తరగతి అక్టోబరులో పీశాట్ (శాట్‌కు ముందు రాసే నమూనా పరీక్ష), ఆ మార్చిలో గానీ మేలో గానీ కాలేజీ ప్రవేశాలకు చూసే శాట్ మొదటిసారి, చాలకపోతే ఆగస్టులో ఇంకోటి. ఇద్దరు టీచర్లను సిఫార్సు లెటర్లు అడగాల్సింది పదకొండో తరగతి మే నెలలో, సెలవులకు ముందు. అక్టోబరులో అడిగితే వాళ్ల దగ్గర అప్పటికే బోలెడన్ని లెటర్లు క్యూలో ఉంటాయి. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఎర్లీ డెసిషన్, ఎర్లీ యాక్షన్ గడువు చాలా చోట్ల నవంబరు 1. ఎర్లీ యాక్షన్‌లో ముందే దరఖాస్తు చేసినా చేరాలన్న కట్టుబాటు లేదు. ఎర్లీ డెసిషన్ అంటే సీటిస్తే చేరి తీరతామని తల్లిదండ్రులు, కౌన్సెలర్ కూడా సంతకం పెట్టే మాట. ఖర్చు లెక్క చూసుకోకుండా ఆ సంతకం పెట్టకండి.

పేరు మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి. మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, స్కూల్లో వెనకా ముందూ. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే వీసా మీద మొదటి పేరు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అదే స్కూలు కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. శాట్ నడిపే కాలేజ్ బోర్డులో ఒక పేరు, కామన్ యాప్‌లో ఇంకో పేరు ఉంటే శాట్ స్కోరు కాలేజీకి చేరినా ఫైల్‌కు అతకదు. ఆ దరఖాస్తు "ఇన్‌కంప్లీట్" అని ఆగిపోతుంది. పాస్‌పోర్టులో ఉన్న పేరునే అన్ని చోట్లా వాడండి. ముద్దుపేరు రాయడానికి వేరే గడి ఉంటుంది, పాత పేరుకు కూడా ఉంటుంది. హెచ్-4 పిల్లలకు (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల పిల్లలు) సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేయాలి, పన్నుల కోసం ఇచ్చే ఐటీఐఎన్ నంబరు వేయకూడదు.

కామన్ యాప్‌లో యాక్టివిటీలకు పది గడులుంటాయి. ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. "కూచిపూడి నేర్చుకుంటుంది" అంటే సగం గడి వృథా. ఎన్నేళ్లు, ఎన్ని ప్రదర్శనలు, చిన్నపిల్లలకు నేర్పిందా, అది రాయాలి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలని కూడా అడుగుతారు. పదింటినీ కూడి చూడండి. వారానికి 60 గంటలు తేలితే చదివేవాళ్లకు నవ్వొస్తుంది. తమ్ముణ్ని స్కూలు నుంచి తీసుకురావడం, అమ్మానాన్నల కోసం బ్యాంకులో, ఆసుపత్రిలో మాట్లాడటం కూడా యాక్టివిటీయే. కుటుంబ బాధ్యతలని అందులో ఒక విభాగమే ఉంది. హెచ్-4 పిల్లలు జీతానికి పని చేయకూడదు కాబట్టి, ఉద్యోగం గడి ఖాళీగా ఉందని కంగారుపడక్కర్లేదు. ఎస్సే 250 నుంచి 650 పదాల లోపు. నాన్న ఒకసారి, బాబాయి ఒకసారి, కన్సల్టెంటు ఒకసారి సరిదిద్దాక అది పదిహేడేళ్ల పిల్ల రాసినట్టు ఉండదు. పెద్దలు తేదీలు, అక్షర దోషాలు చూస్తే చాలు.

ఇక డబ్బు. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం రాదు, గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నా రాదు. వాళ్ల తమ్ముడో చెల్లెలో అమెరికాలో పుట్టి ఉంటే, వాళ్ల వంతు వచ్చినప్పుడు మీ వీసాతో సంబంధం లేకుండా ఫెడరల్ సాయం అడిగే ఫాఫ్సా ఫారం నింపొచ్చు. అయితే టెక్సాస్‌లో గ్రాడ్యుయేట్ కావాలంటే ఫాఫ్సానో, టాస్ఫానో (టెక్సాస్ రాష్ట్ర సాయం అడిగే ఫారం), లేదా వద్దని తల్లిదండ్రులు సంతకం పెట్టిన ఫారమో స్కూలుకు ఇవ్వాలి. ఫాఫ్సా అర్హత లేకపోయినా టెక్సాస్ రెసిడెంట్ కింద లెక్కకొచ్చే పిల్లలు టాస్ఫా నింపొచ్చు. అసలు మిగులు ఇన్-స్టేట్ ఫీజులో, అంటే రాష్ట్రంలో ఉండేవాళ్లకు వేసే ఫీజులో ఉంది, యూటీ ఆస్టిన్‌లో బయటివాళ్ల ఫీజు దానికి మూడు రెట్లకు పైనే. హెచ్-1బీ మీద తల్లో తండ్రో పన్నెండు నెలలుగా ఇక్కడే ఉద్యోగం, కాపురం చేస్తుంటే హెచ్-4 పిల్లలు రెసిడెంట్లుగా అడగొచ్చు. దరఖాస్తులో ఆ ప్రశ్నలు పిల్లలు ఒక్కరే కూర్చుని నింపితే, "సిటిజన్ కాదు" అని టిక్ పెట్టి మిగతావి దాటేస్తారు, ఫీజు బయటివాళ్లదిగా పడుతుంది. పక్కన కూర్చోండి. ఐ-797 (వీసా ఆమోదపు కాగితం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఇంటి లీజు, టాక్స్ కాగితాలు సిద్ధంగా ఉంచండి.

ఇరవై ఒకటో పుట్టినరోజున హెచ్-4 అయిపోతుంది. పద్దెనిమిదికి కాలేజీలో చేరిన పిల్లకు అది మూడో ఏడాదిలోనో, నాలుగో ఏడాదిలోనో వస్తుంది. అంతకు ముందే ఎఫ్-1కు (విద్యార్థి వీసా) మార్చుకోవాలి. ఎఫ్-1 అయితే క్యాంపస్‌లో పని, ఇంటర్న్‌షిప్ దొరుకుతాయి. కానీ ఫీజు వర్గం మారే ప్రమాదముంది. మార్చుకునే ముందు రిజిస్ట్రార్ ఆఫీసునీ, లాయర్‌నీ, ఇద్దరినీ అడగండి.

కమ్యూనిటీ కాలేజీ అనగానే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు, నలుగురికీ ఏం చెప్పుకోవాలని. పదకొండు మధ్యలో వచ్చిన పిల్లకు రెండేళ్లు అక్కడ చదివి స్టేట్ యూనివర్సిటీకి మారడం చాలాసార్లు మేలైన దారి. ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో మొదటి సెమిస్టర్‌లోనే రాయించుకుంటే చాలు.

సీటు వచ్చాక మే 1 లోపు ఒక్క కాలేజీకి ఔనని చెప్పాలి. పన్నెండో తరగతి చివరి సెమిస్టర్‌ను వదిలేయకూడదు, గ్రేడ్లు పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీకి ఉంటుంది. జూన్‌లో ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ (మొత్తం కోర్సులు, గ్రేడ్ల పట్టిక) వెళ్లిందో లేదో స్కూలునే కాదు, కాలేజీ పోర్టల్‌లోనూ చూడండి. మెనింజైటిస్ టీకా క్లాసులు మొదలయ్యే రోజుకు కనీసం పది రోజుల ముందు వేయించాలి, అయిదేళ్లు దాటినది చెల్లదు.