గేటు దాటిన తర్వాతి కథ రాయి

చిరంజీవికి,

ఆశ్రమం వదిలి వచ్చిన అమ్మాయి మీద నువ్వు రాసిన నవల చదివాను. దానికి జత చేసిన ఉత్తరం కూడా చదివాను. రెండింట్లో ఉత్తరమే బాగుంది. చిన్నబుచ్చుకోకు, నవలకు కావాల్సిన సరుకంతా నీ దగ్గర ఉందని ఆ ఉత్తరమే చెబుతోంది. నవల రాయడానికి కూర్చునేసరికి మాత్రం నీ చెయ్యి బిగుసుకుపోయింది.

నవలలో మీ గురువుగారు మొదటి పేజీ నుంచీ రాక్షసుడే. కళ్లు ఎర్రగా ఉంటాయి, మాట్లాడితే పళ్లు కొరుకుతాడు. చివర్లో నీ నాయిక ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి మెళ్లో మాల తెంచి కృష్ణలోకి విసిరేస్తుంది, చల్లగాలి వీస్తుంది, స్వేచ్ఛ అంటే ఏమిటో తెలిసొస్తుంది. కథ అయిపోయింది. మరి ఉత్తరంలో ఏం రాశావు? బయటికొచ్చి రెండేళ్లయినా తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుందని. అమీర్‌పేట హాస్టల్లో మిగతా అమ్మాయిలు నిద్రపోతుంటే ఏం చెయ్యాలో తోచక బాత్రూములో బకెట్లు తోముతూ ఉంటావని. మొదటిసారి ఎగ్ పఫ్ కొనుక్కుని, ఎవరూ చూడకపోయినా చున్నీ చాటున తిన్నావని. స్కూటీ జారి మోకాలు కొట్టుకుపోతే ముందుగా వచ్చిన ఆలోచన ‘గురువుగారు అన్నట్టే జరిగింది’ అని. ఆయన మీద అంత కోపం ఉన్నా, గిన్నెలు కడుగుతుంటే ఇప్పటికీ ఆ భజనే నోట్లో ఆడుతుందని. వీటిలో ఒక్క ముక్క కూడా నవలలోకి రాలేదేమ్మా. మాల నదిలో పారెయ్యడం ఎవరైనా రాస్తారు. ఆ బకెట్ల సంగతి నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు.

ఇలా ఎందుకయిందో నాకొక అనుమానం. మీ ఆశ్రమంలో ఆదివారం సత్సంగం అయ్యాక ‘అనుభవాలు’ చెప్పించేవారని రాశావు. ఒక్కొక్కరూ లేచి మైకు పట్టుకుని, ఇక్కడికి రాకముందు నా బతుకు ఇలా ఉండేది, గురువుగారి పాదాల దగ్గరికి వచ్చాక ఇలా అయింది అని చెప్పడం. నువ్వూ చిన్నప్పటి నుంచి చెప్పావు, బాగా చెబుతుందని పేరు కూడా తెచ్చుకున్నావు. ఇప్పుడు నీ నవల తీసి చూసుకో. అది కూడా ఒక అనుభవమే, తలకిందులు చేశావంతే. అప్పుడు బయటంతా చీకటి, ఆశ్రమంలో వెలుగు. ఇప్పుడు ఆశ్రమమంతా చీకటి, బయట వెలుగు. సభ మారింది, మైకు అదే. చప్పట్లు రావచ్చు కూడా. కానీ నీ జీవితాన్ని ఆ మూసలో పోయడం నేర్పింది వాళ్లే కదా, బయటికొచ్చాక కూడా ఆ మూసనే వాడుకోవడం దేనికి?

మీ నాన్నగారి సంగతి చూడు. నవలలో ఆయన ఒట్టి అమాయకుడు. రిటైర్మెంటు డబ్బు, ఊళ్లో స్థలం అమ్మిన డబ్బు తీసుకెళ్లి గురువుగారి చేతిలో పోస్తాడు. ఎందుకు పోశాడో నాయికకు తెలీదు, పాఠకుడికీ తెలీదు. ఉత్తరంలో మాత్రం, ఆయన పూచీ పడిన చిట్టీ మునిగిపోయి అప్పులవాళ్లు ఇంటి మీద పడ్డప్పుడు బంధువులెవరూ గడప తొక్కలేదని, ఆశ్రమం వాళ్లే నెల రోజులు క్యారేజీలు పంపారని రాశావు. అదీ కారణం. ఆ క్యారేజీలో అన్నం వేడిగా ఉందని రాయి. తెచ్చినతను గుమ్మంలోనే నిలబడి, ఏమీ అడగకుండా ఖాళీ గిన్నెలు పట్టుకెళ్లాడని రాయి. తర్వాత పదేళ్లకు స్థలం అమ్మిన కాగితాల మీద మీ నాన్న సంతకం పెట్టేటప్పుడు, ఆయన్ని ఎవరూ మోసం చెయ్యక్కర్లేకుండా పోయిందని పాఠకుడికి దానంతటదే తెలుస్తుంది. నీ రాక్షసుడి కంటే ఆ క్యారేజీ భయపెడుతుంది.

ఆశ్రమం వాళ్లను మంచివాళ్లుగా చూపిస్తే చేసిన అన్యాయం పలచబడుతుందేమోనని నీ భయం. దానికి ఒక సంగతి చెబుతాను. జపాన్‌లో 1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే గుంపు టోక్యో సబ్‌వే రైళ్లలో సారిన్ విషవాయువు వదిలింది. దాని గురువు షోకో అసహరాతో కలిపి 13 మందిని 2018 జులైలో ఉరి తీశారు. హారుకి మురకామి అనే నవలాకారుడు ముందు బాధితుల దగ్గరికి వెళ్లి వాళ్లు చెప్పింది పుస్తకం వేశాడు. అక్కడితో ఆగకుండా, ఆ దాడితో సంబంధం లేని మామూలు సభ్యులను, వదిలేసి వచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టి విన్నాడు. అందులో చేరినందుకు విచారిస్తున్నారా అని అడిగితే దాదాపు అందరూ లేదనే అన్నారట. ఆ ఏళ్లు వృథా అనుకోవడం లేదన్నారట. అంత ఘోరం జరిగాక కూడా! వాళ్లను వెనకేసుకు రాకుండా, దబాయించకుండా ఆ జవాబును ఆయన అలాగే అచ్చేశాడు. పాఠకుడికి ఒళ్లు జలదరించేది అక్కడే. వాళ్లు వెతుక్కున్నది మనం కూడా ఎప్పుడో ఒకప్పుడు వెతుక్కున్నదే కాబట్టి.

అందుకని ఒక పని చెయ్యి. ఆశ్రమంలో నీకు ఇష్టమైనవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకో. ఎవరికీ చూపించొద్దు, నాకు కూడా. కార్తీక మాసంలో వంటశాల, మీ అమ్మ ఇంట్లో ఎప్పుడూ లేనంతగా అక్కడ ఆడవాళ్లతో నవ్వడం, నీకు కొట్టిన చప్పట్లు, ఏదైనా సరే. రాయడానికి సిగ్గేసినవి తప్పకుండా రాయి. ఇది త్వరగా చెయ్యాలి. నీలాగే బయటికొచ్చిన వాళ్లతో తరచూ మాట్లాడుతున్నావన్నావు, మంచిదే, తోడు కావాలి. కానీ పదిమంది ఒకే సంగతి పదిసార్లు చెప్పుకుంటే ఎవరి జ్ఞాపకం ఎవరిదో తెలీకుండా అన్నీ ఒకే అచ్చులోకి వచ్చేస్తాయి. అంతకు ముందే నీది నువ్వు కాగితం మీద పెట్టుకో.

ఆశ్రమంలోంచి వచ్చినవాళ్ల కథల్లో నాకు ఎక్కడా సరిగ్గా కనపడని సంగతి ఇంకొకటి ఉంది. బతకడం. వెయ్యి మందికి పులిహోర కలపగలవు గాని బ్యాంకులో చలానా నింపడం రాదని సరదాగా ఒక్క ముక్కలో రాసేశావు. దాన్ని ఒక అధ్యాయం చెయ్యమ్మా. ఇంటర్వ్యూలో ‘డిగ్రీ అయ్యాక ఈ నాలుగేళ్లు ఏం చేశారు’ అని అడిగితే నోరు పెగల్లేదన్నావు. ఏం చెయ్యలేదని? తెల్లవారకముందే లేచి గుండిగలు దించావు, సరుకుల లెక్క రాశావు, రెండు వందల మంది సేవకులకు డ్యూటీలు వేశావు. రెజ్యూమేలో ఆ పనికి గడి లేదు. జీతం లేదు, పీఎఫ్ లేదు, చేశానని చెప్పడానికి కాగితం ముక్క లేదు. గురువుగారి పళ్లు కొరకడం కంటే ఆ ఖాళీ గడే పెద్ద ఆరోపణ. నాయిక ఆ కుర్చీలో కూర్చుని ఏం అబద్ధం చెప్పిందో రాయి. అబద్ధం చెబుతున్నప్పుడు ఆమెకు ఎవరి గొంతు వినపడిందో అది కూడా.

ఇక వెలి గురించి. నవలలో దాన్ని ఒకే ఒక్క పెద్ద సీనుగా రాశావు. గురువుగారు వేలు చూపించి ‘ఇక ఈమెతో ఎవరూ మాట్లాడకూడదు’ అని శాసిస్తాడు. మీ విషయంలో అలా జరగలేదు కదా? అమ్మ రెండో రింగుకే ఫోను పెట్టేస్తుంది. ఇంటి వాట్సాప్ గ్రూపులో నీ పేరు ఉండదు. పెదనాన్న కూతురి పెళ్లి సంగతి ఫొటోలు చూస్తే గాని తెలీదు. నోరు విప్పి ఎవరూ ఏమీ అనరు. వెలి ఎప్పుడూ ఇలాంటి చిన్న పనుల్లోనే ఉంటుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరి పెద్దలు ఆయన్ని వెలి వేశారు. వెలి అంటే ఏమైంది? వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే వండి, గోదావరి నుంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చారు. ఆ పెళ్లి గురించిన ఉపన్యాసాలన్నీ మరిచిపోయినా ఆ బిందె మనకు గుర్తుంది.

పైకి పెద్ద న్యాయసూత్రంలా కనిపించే చోట కూడా అంతే. ఏ మతంలోనైనా, కులంలోనైనా వెలి వేయడాన్ని ఆపడానికి బొంబాయి ప్రభుత్వం 1949లో చట్టం చేసింది. దావూదీ బోహ్రాలనే ముస్లిం శాఖ మతగురువు దాని మీద కోర్టుకు వెళ్లాడు. 1962లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పును మళ్లీ చూడాలా వద్దా అన్న ప్రశ్న 2023లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనానికి వెళ్లింది. కాగితాల మీద ఇదంతా మతస్వేచ్ఛ, రాజ్యాంగంలో 25వ అధికరణం, 26వ అధికరణం. వెలి పడినవాడికి మాత్రం, చచ్చిపోతే తన వాళ్ల పక్కన పూడ్చనిస్తారా లేదా అన్నది ప్రశ్న.

అమెరికాలో రేమండ్ ఫ్రాంజ్ అని ఒకాయన ఉండేవాడు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ సంస్థలో అందరికీ నియమాలు నిర్ణయించే పరిపాలక సభలో తొమ్మిదేళ్లు కూర్చున్నాడు. 1980లో ఆ సభ నుంచి తప్పుకున్నాడు, మరుసటి ఏడాది పూర్తిగా బహిష్కరించారు. మోపిన నేరం, సంస్థను వదిలేసిన తన యజమానితో కలిసి భోజనం చేయడం. తర్వాత 1983లో ఆయన రాసిన పుస్తకంలో తిట్లు లేవు. ఫలానా రోజు ఫలానా ఉత్తరం వచ్చింది, ఇదిగో దాని నకలు, మేం ఇలా ఓటు వేశాం, నేనూ వేశాను, ఇలా సాగుతుంది. గొంతు పెంచకుండా కాగితాలు ముందు పెట్టినవాడిని కొట్టిపారేయడం కష్టం. ఆయన చనిపోయేదాకా క్రైస్తవుడిగానే ఉన్నాడు. సంస్థను వదిలాడు గాని బైబిలును వదల్లేదు.

ఆయన సంగతి చెప్పింది నీ ప్రశ్న కోసమే. ‘నేను ఇప్పుడు దేవుణ్ణి నమ్ముతున్నానో లేదో నాకే తెలీదు, అది తేల్చుకోకుండా నవల రాయొచ్చా మేష్టారూ’ అని అడిగావు. నిశ్చింతగా రాయి. తేల్చుకుని కూర్చుంటేనే చిక్కు. బస్సు ఇంద్రకీలాద్రి పక్క నుంచి వెళ్తుంటే చెయ్యి దానంతటది లేచి దండం పెడుతుందని, వెంటనే ఆ చెయ్యి మీద నీకు కోపం వస్తుందని రాశావు. ఆ దండాన్నీ ఆ కోపాన్నీ పక్కపక్కనే ఉండనివ్వు. నాయికను నాస్తికురాలిని చేసి ఒడ్డున పడెయ్యకు, ఇంకో మంచి గురువును చూపించి కూడా పడెయ్యకు. గోరా గారు 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టింది మన కృష్ణా జిల్లా ముదునూరులోనే, తర్వాత అది విజయవాడకు వచ్చింది. వెళ్లి వాళ్లతో మాట్లాడు, ఆలోచనకు పదును వస్తుంది. అయితే నవల ఎక్కడ ఆగాలో వాళ్లను అడగకు. నన్నూ అడగకు.

ఒక సంగతి ముందే చెబుతున్నాను. పుస్తకం రాగానే నీకు చాలామంది ఆప్తులు పుట్టుకొస్తారు. మతమంటేనే ఇంత అనేవాళ్లు, మా గురువుగారు అలాంటివారు కాదమ్మా అనేవాళ్లు, మీ మతంలో అంతే అనే పక్క మతంవాళ్లు, ఎలక్షన్ల ముందు పనికొస్తుందనుకునేవాళ్లు. అందరూ ముందుమాట రాస్తామంటారు. ముందుమాట లేకుండానే వెయ్యి.

కోర్టు గొడవల గురించి టెన్షన్ పడుతున్నావు. పడాల్సినంత పడు, అంతకు మించి వద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టానికి 356వ సెక్షన్, మత భావాలను కావాలని, దురుద్దేశంతో గాయపరచడానికి 299వ సెక్షన్ ఉన్నాయి. రాసింది నిజమైతే చాలు, ఎవరూ ఏమీ చెయ్యలేరనుకోవద్దు. క్రిమినల్ పరువు నష్టం కేసులో నిజమన్నది ఒక్కటే సరిపోదు, దాన్ని బయటపెట్టడం ప్రజల మేలు కోసమని కూడా చూపించాలి. ఆశ్రమానికి పేరు మార్చి గేటు రంగు, కొండ, పక్కనున్న చెరువు అలాగే ఉంచితే మార్చినట్టు కాదు. అచ్చుకు ఇచ్చే ముందు ఒక లాయరుకు చూపించు. ఊహించి రాసిన రాక్షసుడి కంటే, చూసినట్టు రాసిన క్యారేజీ నీకు ఇక్కడా మేలే చేస్తుంది.

అంతకంటే నన్ను పట్టి లాగేది మీ తమ్ముడు. వాడు ఇంకా లోపలే ఉన్నాడు. నవలలో తమ్ముడి పాత్ర రాత్రిపూట నాయికకు దొంగచాటుగా ఫోన్ చేస్తుంది. నిజంగా చేస్తున్నాడా? చేస్తుంటే ఆ సీను తీసెయ్యి. ఎంత బాగా వచ్చినా సరే. పుస్తకం వచ్చిన మర్నాడు వాడి ఫోను ఎవరి చేతుల్లో ఉంటుందో నీకే బాగా తెలుసు. అది లేకపోతే పుస్తకం కుంటుతుందనిపిస్తే, ఇంకో దారి వెతుకు, లేదా వాడు బయటికొచ్చేదాకా ఆగు.

రాస్తుంటే నిద్ర పట్టని రోజులు వస్తున్నాయన్నావు. అలాంటప్పుడు రాత్రిపూట రాయడం మానేసి పగలు రాయి. అదీ కుదరకపోతే కొన్నాళ్లు వదిలెయ్యి. వారాల తరబడి అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లు, నవల పేరు చెప్పి వాయిదా వెయ్యకు.

మొత్తం తిరగరాయాలని ఇప్పుడే కూర్చోకు. హాస్టలు భాగం, ఇంటర్వ్యూ భాగం, ఈ రెండే రాసి పంపు. గురువుగారు వాటిలో కనపడకపోయినా ఫరవాలేదు. టైపు చేయించేటప్పుడు అక్షరం కాస్త పెద్దది పెట్టించు, కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరం కూడబలుక్కోవాల్సి వస్తోంది. సంక్రాంతికి పిల్లలు వస్తారు, ఆ నాలుగు రోజులూ చదవడం కుదరదు. ఆ లోపే పంపు.

ఆశీస్సులతో,
మీ మేష్టారు