ఎండలో ఆక్టేవియా నీరసపడితే ఇంటర్‌కూలర్ కొనే ముందు చూడాల్సినవి

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం) తర్వాత మీ స్కోడా కారు ఆక్టేవియా వీఆర్‌ఎస్ ఔటర్ రింగ్ రోడ్డుపై మొదటిసారి బాగా లాగి, మూడోసారికి నీరసపడుతోందన్నారు. చాలావరకు ఇది ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) వేడెక్కిపోయిన లక్షణమే. టర్బో నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి పోకపోతే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండటం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, స్పార్క్ పడే సమయాన్ని ఆలస్యం చేస్తుంది, దాంతో పవర్ తగ్గుతుంది. బండి బరువెక్కినట్టు ఉండేది అందుకే.

ముందు ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) పెట్టి ఇన్‌టేక్ గాలి, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడిని, కూలెంట్ వేడిని విడివిడిగా చూడండి. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మకండి, అసలు వేడి కొంత పెరిగినా అది 90 డిగ్రీల దగ్గరే కదలకుండా నిలబడుతుంది. గాలి మాత్రమే వేడెక్కుతుంటే, హోసుల్లో లీకు లేదని ప్రెజర్ టెస్ట్ చేయించాకే ఇంటర్‌కూలర్ మార్చండి. వరుస పరుగులకు బార్ అండ్ ప్లేట్ రకం (బరువైన లోహపు పట్టీలు, పలకలతో చేసినది) మంచిది. మరీ మందమైనది మాత్రం వద్దు, వెనకున్న రేడియేటర్‌కు గాలి అందదు. మే నెల ఎండలో, మన ట్రాఫిక్‌లో అది ప్రమాదం. ఇంటర్‌కూలర్ కోర్ (గాలి చల్లబడే మధ్య భాగం) చుట్టూ సందులను ఫోమ్‌తో మూయించండి, లేకపోతే గాలి పక్కనుంచి జారిపోతుంది.

కూలెంట్ కూడా వేడెక్కుతుంటే ఫ్యాను, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) మెకానిక్‌కు చూపించండి. బోరు నీళ్లు మాత్రం చుక్క కూడా పోయనివ్వకండి, లోపల గార కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోయించండి.