ఉన్న వినికిడి కాపాడుకో చిన్నా

చిన్నా,

నువ్వు పంపిన ఆడియోగ్రామ్, అదే నీ వినికిడి టెస్ట్ గీతల కాగితం, దాని ఫోటో చూశా, జూమ్ చేసి మరీ చూశా. 250 హెర్ట్జ్ (ఈ అంకె పెరిగేకొద్దీ శబ్దం కీచుగా, సన్నగా ఉంటుంది) నుంచి 2000 దాకా రెండు చెవులూ బానే ఉన్నాయి, 4000 దగ్గరికొచ్చేసరికి గీత గబుక్కున కిందికి దిగింది, అంటే అక్కడ వినికిడి తగ్గింది, 8000 దగ్గర మళ్ళీ కాస్త పైకి లేచింది. వయసుతో వచ్చే చెవుడైతే 8000 దాకా దిగుతూనే పోతుంది, ఇలా మధ్యలో గుంట పడితే పెద్ద శబ్దాల వల్లేమో అని ముందు అనుమానిస్తాం. ఇన్నేళ్ళు వినికిడి టెస్టులు చేసినదాన్ని కదా, ఇనుము అరగదీసే నీ గ్రైండర్ పని, నీ ఇయర్‌ఫోన్స్ రెండూ తెలిసి ఈ గీత చూశాక నాకు పెద్ద డౌట్ లేదు.

"పోయింది మళ్ళీ వస్తుందా పిన్నీ" అని అడిగావు. అది రాదు నాన్నా. లోపలి చెవిలో ఒక్కో వైపు శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు సుమారు 15 వేలు ఉంటాయి, పుట్టినప్పుడు ఉన్నవే జీవితాంతం, చచ్చిపోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు, దానికి మందు లేదు. ఏదో తైలం వేస్తే తిరిగొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కానీ ఇంకో సంగతి కూడా అంతే నిజం, శబ్దం వల్ల వచ్చే నష్టం ఆ శబ్దాన్ని ఆపితే చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా.

చాలామంది "ఎంత గట్టిగా ఉంది" అనే చూస్తారు, "ఎంతసేపు" అనేది వదిలేస్తారు. చెవికి ఈ రెండూ కలిపే లెక్క. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, అదీ పైహద్దు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైమ్ సగం అయిపోతుంది, 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక్క గంట, 100కి 15 నిమిషాలు. మూడే కదా అనిపిస్తుంది, కానీ మూడు పెరిగిందంటే చెవిలోకి వెళ్ళే శక్తి రెట్టింపు అయినట్టు. నీ గ్రైండర్ 100 దగ్గర్లో ఉంటుంది, అంటే పొద్దున టీ టైమ్ లోపే నీ రోజు వాటా అయిపోయింది, ఆ తర్వాత ఇంటికెళ్తూ ఇయర్‌ఫోన్స్‌లో పెట్టే పాటలు, ఆదివారం స్పీకర్ల ముందు నిలబడి చూసే ప్రోగ్రామ్ అన్నీ దాని మీద అదనం.

మీటర్ లేకపోయినా ఒక గుర్తు ఉంది. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ 85 దాటి ఉండొచ్చు. అలాంటి చోట చెవి రంధ్రంలో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ లేకుండా ఉండకు, లేదా దూరం జరుగు. ఆరుబయట స్పీకర్ నుంచి దూరం రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే నాలుగు రెట్ల టైమ్ దొరికినట్టే, పైసా ఖర్చు లేదు.

ఇక ప్లగ్స్. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదువు, ఎందుకంటే ప్లగ్స్ పెట్టుకునేవాళ్ళలో చాలామంది సరిగ్గా పెట్టుకోరు, పైపైన ఆనించి వదిలేస్తారు. ఫోమ్ ప్లగ్ అయితే ముందు చేతులు శుభ్రంగా కడుక్కో, తర్వాత వేళ్ళ మధ్య ముడతలు లేకుండా వీలైనంత సన్నగా నలుపు, అవతలి చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగం పట్టుకుని పైకీ వెనక్కీ లాగు, అప్పుడు రంధ్రం తిన్నగా అవుతుంది, వెంటనే ప్లగ్ లోపలికి దూర్చి అది ఉబ్బేదాకా వేలితో ఒక 30 సెకన్లు పట్టుకో. తర్వాత ఆ మోతలోనే రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసి చూడు, శబ్దం ఇంకా బాగా తగ్గిందనిపిస్తే ప్లగ్ సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్ళీ పెట్టు.

ప్యాకెట్ మీద 30 డెసిబెల్స్ తగ్గిస్తుందని ఉన్నా నిజంగా అంత రాదు, సగం వస్తే గొప్ప అనుకో. గ్రైండర్ లాంటి మోత దగ్గర ప్లగ్స్ పెట్టుకుని పైన చెవుల్ని మొత్తం కప్పే ఇయర్ మఫ్స్ కూడా వేసుకో. ఇంకోటి, ఇది మాత్రం అస్సలు మర్చిపోవద్దు, మధ్యమధ్యలో తీసెయ్యకు. నిజంగానే 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్ అయినా, ఆ మోతలో ఉన్న టైమ్‌లో సగంసేపు తీసేసి ఉంటే మొత్తం మీద నీకు దక్కేది 3 డెసిబెల్సే. ఎవరైనా పిలిస్తే ప్లగ్ తీయకు, బయటికొచ్చి మాట్లాడు.

ఇయర్‌ఫోన్స్ మానెయ్ అని నేను చెప్పను, చెప్పినా నువ్వు వినవు. వాల్యూమ్ సగం కంటే కాస్త పైన, 60 శాతం దగ్గర ఆపు, ఫోన్ సెట్టింగ్స్‌లో లిమిట్ పెట్టెయ్, గంటకోసారి చెవులకి గ్యాప్ ఇవ్వు. బస్సులో రైల్లో చుట్టూ ఉన్న హోరు మీద పాట వినపడాలని మనకి తెలీకుండానే వాల్యూమ్ పెంచేస్తాం, అక్కడ నాయిస్ క్యాన్సిలింగ్, అంటే బయటి హోరుని తగ్గించేది, ఉన్నవి నిజంగా పనికొస్తాయి. అవే పెట్టుకుని గ్రైండర్ దగ్గర కూర్చుంటే మాత్రం కుదరదు, వాటిని ప్లగ్స్ అనుకోకు.

ప్రోగ్రామ్ నుంచి వచ్చాక రాత్రంతా చెవుల్లో కీచుమంటుంది, పొద్దునకి పోతుంది అన్నావు. పోయింది కదా అని వదిలెయ్యకు, మోత మోతాదు దాటింది అని చెవి చెప్తున్నట్టే అది. అలా మళ్ళీ మళ్ళీ జరిగితే ఒకరోజు పోకుండా ఉండిపోతుంది. మీ ఆవిడ "కాలు, పాలు, చాలు ఏది చెప్పినా ఒకేలా వింటున్నాడు" అని నవ్విందట కదా, అది నిర్లక్ష్యం కాదని ఆమెకి చెప్పు, క, ప, చ లాంటి హల్లులు తెలిసేది ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లోనే, అంటే ఆ పెద్ద హెర్ట్జ్ అంకెల దగ్గరే, నీకు గుంట పడింది కూడా ఆ వైపే. మాట వినపడుతుంది, ఏ మాటో తెలీదు. ఎదురుగా వచ్చి మాట్లాడమను.

కాటన్ బడ్స్ పారెయ్. గులిమి దానంతటదే బయటికొస్తుంది, బడ్ పెట్టి తిప్పితే ఇంకా లోపలికి వెళ్ళి గడ్డకడుతుంది. సిగరెట్ కూడా చెవికి చెడ్డదే, షుగర్ బీపీ చూపించుకుంటూ ఉండు, లోపలి చెవికి రక్తం తెచ్చే నాళాలు చాలా సన్నవి. ఎప్పుడైనా జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు రాస్తే నీకు ఇప్పటికే వినికిడి తగ్గిందని డాక్టర్‌కి ముందే చెప్పు, కొన్ని మందులు చెవిని దెబ్బతీస్తాయి. నీ అంతట నువ్వు మాత్రం ఏ మందూ ఆపెయ్యకు.

ఒకటి బాగా గుర్తుపెట్టుకో. ఒక చెవి ఉన్నట్టుండి వినపడడం మానేస్తే, లేచేసరికి అటువైపు మూసుకుపోయినట్టు ఉంటే, జలుబేమో గులిమేమో అని రోజులు గడపకు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. అలాంటి దానికి స్టెరాయిడ్స్ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, వారాలు దాటితే పెద్దగా పనిచెయ్యవు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఏడాదికోసారి టెస్ట్ చేయించుకో. దానికి ముందు కనీసం 14 గంటలు ఏ మోతా లేకుండా ఉండు, సెలవు మర్నాడు పొద్దున్నే అయితే మంచిది, లేకపోతే ముందురోజు మోతకి చెవి పడ్డ అలసట కూడా గీతలో పడి ఉన్నదానికంటే ఎక్కువ నష్టం చూపిస్తుంది. ఈ కాగితం పారెయ్యకు, వచ్చే ఏడాది దాని పక్కనే కొత్తది పెట్టి ఫోటో తీసి పంపు, 4000 దగ్గర కదిలిందో లేదో నేను చూసి చెప్తా.

పిన్ని