రాయబారానికి నేను రాను

తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మొదటిసారి భయంతో, రెండోసారి గర్వంతో. నీకు హెచ్‌ఐవీ ఉందని పెళ్ళికి ముందే ఆ అబ్బాయికి చెప్పేయాలని నీ అంతట నీకు తోచింది చూడు, అది చాలు నాకు. కానీ చివర్లో "నా బదులు నువ్వు చెప్పవా అత్తయ్యా" అన్నావే, అది మాత్రం జరగదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలుసు. తీరికైన పూట, మధ్యలో ఎవరూ రాని చోట కూర్చో. ముందుగా కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడు. అతను చెయ్యెత్తే మనిషని రవ్వంత అనుమానమున్నా ఒంటరిగా చెప్పకు. ఫోనులో రాసి పంపావో, నా మీద ఒట్టే! ఆ రాత ఎన్ని చేతులు మారుతుందో ఎవరు చూడొచ్చారు? చాదస్తం అనుకో, ఫరవాలేదు.

నా సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 1998లో నన్ను చేసుకుంటానన్న మనిషికి విషయం చెప్పాల్సి వచ్చింది. నోరు పెగలక మీ నాన్నను పంపాను, పక్కగదిలోకే. తలుపు ఓరగా వేసి, ఇవతల గోడకు ఆనుకుని నిలబడ్డాను. అన్నయ్య గొంతు తగ్గించి "ఒక చిన్న ఇబ్బంది ఉంది" అని మొదలుపెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నాడు. హెచ్‌ఐవీ అనలేక "ఆ జబ్బు" అన్నాడు. "ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం" అని కూడా అన్నాడు. ఆ మనిషి ఒక్కటే అడిగాడు: "తను ఏమంటోంది?"

తలుపు తోస్తే చాలు. తోయలేదు.

అతను మళ్ళీ రాలేదు. ఎన్నో ఏళ్ళు జబ్బునే తిట్టుకున్నాను. అప్పటికే మూడు మందులు కలిపి ఇస్తే మనుషులు నిలుస్తున్నారని డాక్టరు నాతో చెప్పి ఉన్నాడు. అన్నయ్యకు ఆ ముక్క చెప్పింది లేదు. పాపం, తనకున్న భయాన్నే అతని ముందు పెట్టి వచ్చాడు. మీ నాన్నను ఏమీ అనకు. ఆ రాత్రి నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే.

నీకేం తక్కువ? మందులు పూట తప్పకుండా వేసుకుంటున్నావు, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంత తగ్గింది. అలా నిలిచి ఉన్నంతకాలం కలయిక వల్ల నీ నుంచి అతనికి సోకదు. ఒకరికి వైరస్ ఉండి, రెండోవారికి లేని 888 జంటలను యూరప్‌లో పార్ట్‌నర్ అధ్యయనం గమనించింది. కండోమ్ లేకుండా కలుస్తున్నా, మందులతో వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదని 2016లో ప్రకటించారు. ఈ లెక్క తప్పకుండా చెప్పు, కానీ లెక్కతో మొదలుపెట్టకు. "నాకు హెచ్‌ఐవీ ఉంది" అని, కాసేపు నోరు మూసుకుని కూర్చో. నీకు వాగుడెక్కువ, అతను మౌనంగా ఉంటే క్షమాపణలతో నింపేస్తావు. నేరం ఒప్పుకున్నట్టు చెప్పావని తెలిసిందో, చెవి మెలిపెడతాను. ఎలా వచ్చిందని అడిగితే, చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం. పరీక్ష చేయించుకుంటానంటే వెంట వెళ్ళు. ఆలోచించుకోవడానికి గడువు అడిగితే ఇవ్వు. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పవద్దని మాత్రం ఆ పూటే అడుగు.

ఆదివారం నేనూ వస్తాను. పక్కగదిలో ఉండను, వీధి చివర బెంచీ మీద కూర్చుంటాను. అయ్యాక ఫోను ఒకసారి మోగించు, చాలు.

నీ అత్తయ్య